కళాయి కొలిమి నుండి గణకయంత్రము వరకు: టంకము కథ

ఇత్తడి బిందె చిల్లుపడితే పారవేయడము పూర్వము మన ఇండ్లలో వాడుక కాదు. మాటు వేయించి మరికొన్నేండ్లు వాడుకునేవారు. కలకడ వంటి మదనపల్లె ప్రాంతపు ఊళ్లలోనే కాదు, తెలుగుదేశమంతటా ఈ విద్య తరతరాలుగా ఉన్నది. నేడు కళాశాలలో ఒక విద్యార్థి మైక్రోకంట్రోలరు గల చిన్న పలకకు పిన్నుల వరుసను అతుకుతున్నాడనుకొందాము. అతడు చేసేదీ ఆ మాటు పనే.

లోహమును కాచినప్పుడు గాలిలోని ఆమ్లజనితో కలిసి దానిపై సన్నని పొర ఏర్పడుతుంది. ఆ పొర మీద కరిగిన తగరము తామరాకుపై నీటిబొట్టువలె జారిపోతుందే గాని అంటదు. అందుకే కంసాలి అతుకుపై వెలిగారము వేస్తాడు. సంస్కృతములో దానికే టంకణమని పేరు. కళాయి వేసేవాడు కాగిన పాత్రలో నవాసాగరము చల్లుతాడు. రేడియో పనివాడు పైను చెట్టు జిగురు నుండి తీసిన రోజిన్ వాడుతాడు. మూడింటి పని ఒకటే: ఆ పొరను తొలగించడము. అప్పుడు తగరము రాగిని తడిపి, దానితో కలిసి ఒక సన్నని మిశ్రమపు పొరగా మారుతుంది. కనుక మాటు అనేది జిగురు కాదు. రెండు లోహాల కలయిక.

తగరము 232 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, సీసము 327 డిగ్రీల వద్ద కరుగుతాయి. 63 పాళ్లు తగరము, 37 పాళ్లు సీసము కలిపితే ఆ మిశ్రమము 183 డిగ్రీలకే కరుగుతుంది! పైగా అది ముద్దగా ఉండే దశ లేకుండా వెంటనే గట్టిపడుతుంది. విద్యుత్ పరికరాలకు ఇది ఎంతో అనుకూలించింది.

తొలి రేడియోలలో తీగలను ఒక్కొక్కటిగా చేతితో అతికేవారు. ఆస్ట్రియాలో పుట్టి ఇంగ్లండులో పనిచేసిన పాల్ ఐస్లర్, రాగిరేకునే తీగలుగా మలచిన ముద్రిత వలయమునకు రూపమిచ్చాడు. తెలుగుదేశములో ఈ విద్య పెద్ద పరిశ్రమగా ఎదగడానికి మొగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావు కృషి ముఖ్యము. ఆయన నాయకత్వములో 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడినది. 1969లో ఆ సంస్థ నుండి టి.డి.సి.-12 అనే గణకయంత్రము వెలువడినది. అట్టి యంత్రములో వేలకొలది అతుకులుంటాయి. ఒక్కటి వదులైనా లెక్క తప్పవచ్చును.

నేటి పలకపై పిన్నుల మధ్య దూరము 2.54 మిల్లీమీటర్లు మాత్రమే. కాగిన మొనను పిన్నుకు, దాని చుట్టూ ఉన్న రాగి వలయానికి ఒకేసారి ఆనించాలి. రెండూ వేడెక్కిన తరువాతనే టంకపు తీగను తాకించాలి. మంచి అతుకు చిన్న గోపురమువలె వాలుగా నిలుస్తుంది. వేడి చాలకపోతే గుండ్రని ఉండగా మిగులుతుంది. అది పైకి అతికినట్లే కనిపించి, కొన్నాళ్లకు విడిపోతుంది.

సీసము విషము; ముఖ్యముగా పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. అందుచేత ఐరోపా సమాఖ్య 2006 జూలై 1 నుండి చాలా పరికరాలలో దానిని నిషేధించినది. దాని బదులు వాడే తగరము, వెండి, రాగి మిశ్రమము సుమారు 217 డిగ్రీల వద్ద కరుగుతుంది. పనిలో లేచే పొగ ప్రధానముగా రోజిన్‌ది. అదీ ఊపిరితిత్తులకు మంచిది కాదు. సీసము మాత్రము ఎక్కువగా వ్రేళ్ల ద్వారా నోటికి చేరుతుంది. కావున గాలి ఆడేచోట పని చేయడము, భోజనానికి ముందు చేతులు కడుగుకొనడము తప్పనిసరి.

పనిముట్లు మారినవి, మిశ్రమము మారినది. శుభ్రమైన లోహము, చాలినంత వేడి, తొందరపడని చేయి, ఈ మూడూ నాడు కళాయివానికి ఎంత అవసరమో నేడు విద్యార్థికీ అంతే అవసరము.