గంప నుంచి బల్బు దాకా: మా ఇంట్లో కోడిపిల్లలు

ఈ వారం మా ఇంటికి 20 కోడిపిల్లలు వస్తున్నాయి. అన్నీ ఒక్క రోజు పిల్లలు, తల్లి లేనివి. హోసూరు పక్క పల్లెలో మా తాతల నాటినుంచీ కోళ్లు తిరగని వాకిలి లేదు. అయినా ఇంటి లోపల, గదిలో పెట్టి పిల్లల్ని సాకేది మాకు ఇదే మొదలు. ఏమేమి కావాలో ఒక కాగితం మీద రాసుకుంటిమి: వేడికి బల్బు, కింద పరిచేదానికి ఊక, చుట్టూ అడ్డం కట్టేదానికి తట్టి, నీళ్లకు పళ్లెం, మేత, టీకా మందు. చదివి వినిపిస్తే మా అవ్వ నవ్వింది.

"ఏమిరా, ఇదంతా కోడి చేసే పనే కదా!"

ఆ మాటే ఈ వ్యాసం రాయించింది.

అవ్వ కాలంలో

కోడి పొదగకు వచ్చిందంటే ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. గుడ్డు పెట్టేది మానేసి, ఒళ్లు ఉబ్బించుకొని, దగ్గరికి పోతే పొడిచేదానికి వచ్చేది. అవ్వ గుడ్లను దీపానికి అడ్డం పెట్టి చూసి, మంచివి ఏరి, పాత గంపలో గడ్డి పరిచి పొదగేసేది. మా ఇంటి లెక్క 9 గుడ్లు, లేదంటే 11. సరిసంఖ్య పెట్టేవాళ్లు కారు. ఉరుములకు గుడ్లు చెడిపోతాయని గంపలో ఒక ఇనుప మేకు, ఒక బొగ్గు ముక్క, ఒక ఎండుమిరపకాయ వేసేవాళ్లు. 21 రోజులకు పిల్లలు దిగేవి. మొదటి కొన్ని దినాలు నూకలు, తర్వాత చెదలు. సాయంత్రమైతే తల్లినీ పిల్లల్నీ కలిపి గంప కమ్మేది. గద్ద కనిపిస్తే తల్లి ఒక కూత వేసేది, పిల్లలన్నీ రెక్కల కిందికి పోయేవి. మనిషి చేయాల్సింది కొంచెమే.

పోయేది కూడా ఎక్కువే. తెల్లగా పారుకొని, మెడలు వంకర తిరిగి, వారంలో వాకిలి ఖాళీ అయిన ఏడు అవ్వకు ఇంకా గుర్తుంది. తెలుగు పల్లెల్లో దాన్నే కొక్కెర తెగులు అంటారు. ఇక్కడి తమిళులు వెళ్ళై కళిచ్చల్ అంటారు. పుస్తకాల్లో రాణిఖేత్ జబ్బు. 1927లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించినందుకు ఆ పేరు. ఆ ఏడు మా ఇంట్లో మిగిలింది ఒక్క పెట్ట. టీకా అనే మాట అప్పటికి మా పల్లెకు రాలేదు.

తల్లి తప్పుకున్న కథ

హోసూరులో పశువుల ఫారం 1824లోనే మొదలైంది, అదీ సైన్యం గుర్రాల కోసం. ఇప్పుడు మత్తిగిరిలో కోళ్ల చదువుకే ఒక కళాశాల ఉంది. నడుమ 200 ఏళ్లలో జిల్లా పేరు సేలం నుంచి ధర్మపురికి, 2004లో కృష్ణగిరికి మారింది. కోడి బ్రతుకు అంతకంటే ఎక్కువ మారింది.

నాటుకోడి ఏడాదికి 60, 70 గుడ్లు పెడుతుంది. ఎందుకంటే నడుమ నడుమ పొదగకు కూర్చుంటుంది, పిల్లల్ని తిప్పుతుంది. ఆ నెలలు గుడ్డు ఉండదు. గుడ్ల వ్యాపారానికి ఆ గుణమే అడ్డం. అందుకని పొదగకు కూర్చోని కోళ్లనే తరతరాలుగా ఏరుకుంటూ వచ్చారు. తెల్ల లెగ్‌హార్న్ జాతి అట్లాంటిదే. వాటి సంతతి 300 దాకా పెడుతుంది, పొదగేది మాత్రం మరిచిపోయింది. పొదిగే పని యంత్రానికి పోయింది. 1971లో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టిన డాక్టర్ బి.వి. రావు తెలుగువాడే. గుడ్ల ధర రైతే చెప్పుకోవాలని 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడిందీ ఆయన చొరవతోనే. మాకు దక్షిణాన ఉన్న నామక్కల్ గుడ్ల ఊరుగా పేరు తెచ్చుకుంది ఈ దారిలోనే.

ఒక్క రోజు పిల్లను అట్టపెట్టెలో ఊరూరికీ పంపించగలిగేది ఎట్లా? పొదుగు చివర్లో పిల్ల గుడ్డులోని పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. దాంతో రెండు మూడు దినాలు మేత లేకున్నా బ్రతుకుతుంది. ముందు దిగిన పిల్ల, వెనక దిగే తోబుట్టువుల కోసం తల్లి కింద కాచుకొని ఉండేదానికి ప్రకృతి ఇచ్చిన సద్ది అది. వ్యాపారం ఆ సద్దినే బస్సు ఎక్కించింది.

మా ఏర్పాటు

అవ్వ మాట పట్టుకొని కాగితాన్ని మళ్లీ రాస్తిమి. ఈసారి ప్రతి వస్తువు పక్కన, దాన్ని కోడి ఎట్లా చేసేదో.

రెక్కల వేడికి బల్బు. పిల్లకు 2 వాట్లు అని లెక్క. 20 పిల్లలకు 40 వాట్ల బల్బు చాలు, కానీ ఒకటి మాడిపోతే అని రెండు కడుతున్నాము. ఎల్‌ఈడీ వెలుగిస్తుంది కానీ వేడి ఇవ్వదు. పాత రకం బల్బు కోసం నాలుగు అంగళ్లు తిరిగితిమి. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్, ఆపై వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాలి. హోసూరు సుమారు 3000 అడుగుల ఎత్తు, రాత్రి చలి మోసం చేస్తుంది. పిల్లలు వచ్చేదానికి ముందు రోజే దీపం వేసి గదిని వెచ్చబెట్టాలి. పిల్లలు బల్బు కింద గుంపు కూడితే చలి, దూరం పారితే ఉక్క, చెదిరి పడుకుంటే సరి.

గంపకు బదులు తట్టి, గుండ్రంగా. మూలలుంటే అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. గంప కూడా గుండ్రమే అని అవ్వ గుర్తు చేసింది. ఊక మీద మొదటి రెండు దినాలు కాగితం, లేకుంటే ఊకనే మేత అనుకొని తింటాయి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు, మునగకుండా. తల్లి ముక్కుతో చూపించే మొదటి గుక్క మేమే చూపించాలి, ఒక్కొక్క పిల్ల ముక్కు నీళ్లలో తాకించి. మొదటి వారం చివర్లో కొక్కెర తెగులు చుక్కల మందు. అవ్వ వాకిలికి రానిది అదొక్కటే.

కాగితం నిండింది. మా పిల్లలు బడిలో తమిళం చదువుతారు, వాళ్లకు అది కోళిక్కుంజు. పొదగేయడం, గంప కమ్మడం, మురిగిన గుడ్డు అనే మాటలు వాళ్లు ఈ వారమే విన్నారు. కోడి పొదిగేది మానినప్పుడు ఆ మాటలకు ఇంట్లో పని లేకపోయింది.

రేపు సాయంత్రం దీపం వేస్తాము. తట్టి పక్కనే అవ్వ పాత గంప కూడా తెచ్చి పెట్టింది. కరెంటు పోతే పిల్లల్ని దాంట్లోకి దించి, వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి పెట్టి, గాలాడేట్టు దుప్పటి కప్పాలంట.