లేడీ స్టెనోగ్రాఫర్ జీతం

1958లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన స్త్రీ విద్యపై జాతీయ కమిటీ ఏర్పడింది. ఆడపిల్లల్ని బడికి రప్పించడం ఎలాగన్నది దాని ముందున్న ప్రశ్న. అదే ఏడాది సమాన వేతనంపై అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందాన్ని భారతదేశం ఆమోదించింది. చదువు మాట ఒక దారిన, జీతం మాట మరో దారిన సాగాయి. ఒప్పందంలోని మాట ఆర్డినెన్సుగా రావడానికి పదిహేడేళ్లు పట్టింది. 1975 సెప్టెంబరు 26న సమాన వేతన ఆర్డినెన్సు వెలువడింది. మరుసటి ఏడు అది చట్టమైంది.

ఆ చట్టానికి గట్టి పరీక్ష బొంబాయిలోని మెకినన్ మెకంజీ కంపెనీలో ఎదురైంది. అక్కడ పెద్ద అధికారుల దగ్గర పనిచేసే స్త్రీల పోస్టు పేరే ‘కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్’. జీతం మగ స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ. 1977లో ఉద్యోగం పోయిన ఆడ్రీ డి’కోస్టా, తాను పనిచేసిన కాలానికి ఆ తేడా ఇప్పించమని కార్మిక శాఖను ఆశ్రయించారు. ఇది వేరే కేడరనీ, ఇందులో మగవాళ్లే లేనప్పుడు వివక్ష ఎక్కడిదనీ కంపెనీ వాదించింది. ఈ జీతాలు 1975లో యూనియన్‌తో కుదిరిన ఒడంబడిక ప్రకారమే ఇస్తున్నామంది. సమానంగా ఇచ్చే స్తోమత లేదని కూడా చెప్పుకుంది. అప్పీలు విన్న కార్మిక అధికారి ఆమెకు చెల్లించమన్నది 7,196 రూపాయల చిల్లర. ఆ పాటి సొమ్ము కోసం వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా నడిచింది. 1987 మార్చిలో జస్టిస్ వెంకటరామయ్య తీర్పు కంపెనీ వాదనలన్నిటినీ తోసిపుచ్చింది. అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మొదటి వాదనకు దొరికిన జవాబు: ఒక పోస్టులో ఆడవాళ్లనే వేసి, పోల్చడానికి మగవాడు లేడు కనుక తక్కువ ఇస్తామంటే చెల్లదు.

ప్రైవేటు కంపెనీకి చెల్లని ఆ పద్ధతి ప్రభుత్వ పథకంలో నిలదొక్కుకుంది. ఆర్డినెన్సు వచ్చిన వారం తిరగకుండానే, 1975 అక్టోబరు 2న, అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైంది. అంగన్‌వాడీలో పిల్లలకు పాఠాలు చెప్పాలి, బరువులు తూచాలి, రిజిస్టర్లు రాయాలి. చదువు లేనిదే జరగని పని ఇది. కార్యకర్తలందరూ స్త్రీలే కావడంతో పక్కన నిలబెట్టి పోల్చడానికి మగ కార్యకర్త లేడు. దీన్ని స్వచ్ఛంద సేవగా లెక్కగట్టి, జీతానికి బదులు ‘గౌరవ వేతనం’ పెట్టారు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. 2006లో సుప్రీంకోర్టు వాళ్లవి సివిల్ పోస్టులు కావంది. 2022 ఏప్రిల్‌లో మాత్రం గ్రాట్యుటీకి అర్హులేనని తేల్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ ఉద్యోగులు ఆ గ్రాట్యుటీనీ, కనీస వేతనాన్నీ అడుగుతూ సమ్మెకు దిగారు. సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రభుత్వం ప్రయోగించినా సమ్మె 42 రోజులు సాగింది.