వృద్ధుల్లో బహుళ ఔషధ వినియోగం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం

రోజూ అయిదు లేదా అంతకు మించి మందులు వాడటాన్ని సాధారణంగా బహుళ ఔషధ వినియోగం అంటారు. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో బీపీ, షుగర్ బిళ్లలు ఒకచోట, మోకాళ్ల నొప్పులకు ఊరి ఆర్‌ఎంపీ దగ్గర, మిగతావి ఆదోని, ఎమ్మిగనూరు మందుల షాపుల్లో తీసుకునే ముసలివాళ్లకు దీని ముప్పు ఎక్కువ. అన్నిటికన్నా భయపడాల్సింది నొప్పి మాత్రలకే. డైక్లోఫెనాక్ వంటివి బీపీని పెంచుతాయి. బీపీ మందు ఎనలాప్రిల్, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్‌లతో కలిస్తే, అందులోనూ ఎండాకాలం ఒంట్లో నీరు తగ్గినప్పుడు, మూత్రపిండాలను దెబ్బతీయగలవు. పిల్లలు గుంటూరు వైపు మిరప కోతలకు వలస వెళ్లాక ఒంటరిగా మిగిలిన అవ్వ, ఒక పూట తినకుండా షుగర్ బిళ్ల గ్లిబెన్‌క్లమైడ్ వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. అప్పుడు వచ్చే తూలడం, మత్తు వయసు నీరసంగా పొరబడే లక్షణాలు. వాడే మందులన్నీ, నాటు మందులతో సహా, ఒకే సంచిలో తెచ్చి డాక్టరుకు చూపాలి. సొంతంగా ఏదీ ఆపకూడదు.