మధురైలో పుట్టిన లండన్ మాస్టారి వయసు లెక్క

వయసు అడిగితే ఆగస్టస్ డీ మోర్గాన్ సూటిగా చెప్పేవాడు కాదు. ఒకానొక ఏడాది తన వయసును ఆ వయసుతోనే హెచ్చవేస్తే సరిగ్గా ఆ సంవత్సరం అంకె వచ్చిందని చెప్పి ఊరుకునేవాడు.

ఆయన పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో లెక్కల ప్రొఫెసర్. అయినా ఈ చిక్కు విప్పడానికి బీజగణితం అక్కర్లేదు, ఎక్కాలు చాలు. 42ను 42తో హెచ్చవేస్తే 1764. ఆ ఏడాదికి 42 నిండాలంటే 1722లో పుట్టి ఉండాలి. ఎదురుగా కూర్చున్న మనిషి అంత ముసలివాడు కాడు. 44 అనుకుంటే 1936, ఆ ఏడాది ఇంకా రానే లేదు. ఇక మిగిలింది 43. దాని వర్గం 1849. అంటే ఆయన పుట్టింది 1806లో. వయసు లెక్కల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఇచ్చిన ఆధారం ఒక్కటే, తక్కిన పని అడిగినవాడి ఇంగితానిది.

పుట్టింది మాత్రం లండన్‌లో కాదు, ఒకప్పుడు తెలుగు నాయకులు ఏలిన మధురైలో. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. పుట్టిన కొన్నాళ్ళకే పిల్లాడికి కుడికన్ను చూపు పోయింది. ఏడో నెలలో ఇంగ్లండు ఓడ ఎక్కించారు. ఆ ఒంటికన్ను కుర్రాడే 1828లో, 22 నిండకుండానే, కొత్తగా పెట్టిన లండన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. మన పిల్లలు సమితుల పాఠంలో వల్లె వేసే డీ మోర్గాన్ సూత్రాలు ఆయనవే. ఢిల్లీ లెక్కల మాస్టారు రామచంద్ర రాసిన పుస్తకాన్ని 1859లో ముందుమాట రాసి మరీ లండన్‌లో వేయించిందీ ఆయనే.

అసలు ఆ ఇంట్లో వయసు లెక్క వేళాకోళం కాదు. డీ మోర్గాన్ తల్లికి తాతగారు జేమ్స్ డాడ్సన్. ఆయనా లెక్కల మాస్టారే. జీవిత బీమా కోసం లండన్‌లోని అమికబుల్ సొసైటీకి వెళితే, 45 దాటాయి, కుదరదన్నారు. ఆ సంఘంలో కుర్రవాడైనా నడివయసువాడైనా కట్టే చందా దాదాపు ఒకటే, అందుకే పెద్దవాళ్ళంటే భయం. డాడ్సన్ ఊరుకోలేదు. ఏ వయసులో చేరినవాళ్ళు ఎంత కడితే ఎవరికీ నష్టం రాదో చావుల పట్టికలు ముందేసుకుని కూర్చుని లెక్కగట్టాడు. 1757లో పోయాడు. ఆ లెక్కల మీదే 1762లో ఈక్విటబుల్ సొసైటీ లేచింది. ఇవాళ మనం కట్టే ప్రీమియం వయసును బట్టి మారుతోందంటే, దాని వెనక ఆ తిరస్కారం ఉంది. విచిత్రమేమిటంటే, బతకలేని బడిపంతులు మా వంశంలో ఉన్నాడని చెప్పుకోవడం డాడ్సన్ బంధువులకే నామోషీ. మునిమనవడికి నామోషీ లేదు. బీమా కంపెనీలకు సలహాలిచ్చాడు, 1838లో సంభావ్యత మీద పుస్తకమే రాశాడు.

బ్రిటన్‌కు ఈ వయసు చిక్కుల సరదా పాతదే. ఎనిమిదో శతాబ్దపు యార్క్ పండితుడు ఆల్క్విన్ పేరున ఉన్న లెక్కల సంపుటిలో ఒక ముసలాయన పిల్లాణ్ణి దీవిస్తాడు: ఇప్పటిదాకా బతికినదానికి రెట్టింపు, దానికి మళ్ళీ రెట్టింపు, దానికి మూడింతలు బతుకు, పైన దేవుడు నా ఏళ్ళలో ఒకటి కలిపితే నీకు నూరు నిండుతాయి అని. పిల్లాడి వయసు 8 ఏళ్ళ 3 నెలలు. మన పెద్దలు నూరేళ్ళు చల్లగా ఉండమని ఊరికే అనేస్తారు. ఈయన లెక్క వేయించి మరీ దీవించాడు! ఆలిస్ కథల లూయిస్ కారల్ కూడా 1885లో అచ్చయిన పుస్తకంలో ముగ్గురు కొడుకుల వయసులతో పాఠకుల్ని తిప్పలు పెట్టాడు.

మధురై పిల్లాడి అదృష్టం అందరికీ పట్టదు. ఆయన తర్వాత అది 1892లో పుట్టినవాళ్ళకు దక్కింది, ఆపైన 1980 వాళ్ళకు. 45ను 45తో హెచ్చవేస్తే 2025. మీ ఇంట్లో 1980లో పుట్టినవాళ్ళుంటే చెప్పండి. బడిలో వేయించిన తేదీ కాదు, అమ్మ చెప్పిన తేదీ చూడండి. ఇది తప్పితే మళ్ళీ 2070లో పుట్టేవాళ్ళకే.