ఆరింటి నుంచి ఏడింటి దాకా

1957 ఫిబ్రవరి 16కి ముందు బ్రిటన్‌లో సాయంత్రం ఆరు దాటాక టీవీ పెడితే బొమ్మ వచ్చేది కాదు. సెట్టు పాడై కాదు. పిల్లల కార్యక్రమాలు అయిపోగానే ప్రసారమే ఆపేసేవాళ్ళు. మళ్ళీ మొదలయ్యేది ఏడింటికి. ఈలోపు చిన్నవాళ్ళని పడుకోబెట్టుకోవాలి, కాస్త పెద్దవాళ్ళు హోంవర్కు చేసుకోవాలి. ఈ ఏర్పాటుకి ‘టాడ్లర్స్ ట్రూస్’ అని పేరు. ట్రూస్ అంటే యుద్ధంలో కాల్పుల విరమణ. ఆ పేరు పెట్టినవాళ్ళెవరోగానీ, ఇంట్లో పిల్లలున్నవాళ్ళే అయివుంటారు!

పిల్లలూ తెరలూ అనగానే మనకి సెల్‌ఫోన్ గుర్తొస్తుంది, నిన్నమొన్నటి గొడవ అనిపిస్తుంది. కానీ గొడవ టీవీ అంత పాతది. ఈ కథలో నన్ను ఆపింది వేరే సంగతి. ఆ గంట సేపు ఏ తల్లీ “ఇక చాలు, కట్టెయ్” అని అరవనక్కర్లేదు. “అయిపోయింది” అంటే సరిపోయేది. ఈ రెండు మాటలకీ చాలా దూరం ఉంది. మొదటిదానికి పిల్లలు ఎదురు తిరుగుతారు. రెండోదానికి మహా అయితే కాసేపు మొహం ముడుచుకుంటారు.

బీబీసీ ఒక్కటే ఉన్నన్నాళ్ళూ పేచీ లేదు. దానికి లైసెన్సు రుసుము ఎలాగూ వస్తుంది, గంట మూసేస్తే ఖర్చు మిగులు. 1955 సెప్టెంబరులో ఐటీవీ వచ్చింది. అది ప్రకటనల మీద బతికే సంస్థ. జనం ఇళ్ళకి చేరే వేళ తెర ఖాళీగా ఉంటే దానికి నష్టం. గంట ఎత్తేయమని ఐటీవీ, ఉంచమని బీబీసీ. ఎటూ తేలకపోతే పోస్ట్‌మాస్టర్ జనరల్ చార్లెస్ హిల్ మొత్తానికే రద్దు చేసేశాడు. పిల్లల్ని పడుకోబెట్టడం తల్లిదండ్రుల పని, ప్రభుత్వానిది కాదు అన్నది ఆయన వాదన. తమాషా ఏంటంటే ఆయన స్వయంగా డాక్టరు. యుద్ధకాలంలో బీబీసీలో ‘రేడియో డాక్టర్’గా దేశానికంతా ఆరోగ్య సలహాలు చెప్పినవాడు.

వాదనలో తప్పేం లేదు. నన్నడిగినా అదే అంటాను. కానీ అది ఎప్పుడు గుర్తొచ్చిందో చూడండి, ఆ గంటకి ధర పలికాక. రద్దయిన రోజు శనివారం. సాయంత్రం ఆరూ అయిదుకి బీబీసీ ‘సిక్స్-ఫైవ్ స్పెషల్’ అనే రాక్ అండ్ రోల్ కార్యక్రమం మొదలెట్టింది. నిద్రపుచ్చడానికి దివ్యంగా పనికొచ్చి ఉంటుంది.

ఐస్‌లాండ్ ఇంకా మొండిది. అక్కడి ప్రభుత్వ టీవీకి 1987 దాకా గురువారం సెలవు, 1983 దాకా జులై నెలంతా సెలవు.

మన పల్లెల్లోకి తెర వచ్చిందే కొలతతో. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా నడిచిన ‘సైట్’ ప్రయోగంలో నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకి టీవీ చూపించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున గంటన్నర బడిపిల్లలకి. దాన్ని హిందీ, ఒరియా, కన్నడం, తెలుగు నాలుగూ పంచుకున్నాయి. అంటే తెలుగు పిల్లకి రోజుకి దక్కింది ఇరవై రెండున్నర నిమిషాలు! సాయంత్రం పెద్దవాళ్ళకి వ్యవసాయం, ఆరోగ్యం లాంటివి. ఊరికొక సెట్టు, దాని ముందు ఊరు. ఏడాది తిరిగాక ఉపగ్రహం వెనక్కి వెళ్ళిపోయింది. అరువు సామాను కదా.

ఇరవై రెండున్నర నిమిషాలు పిల్లల కళ్ళ కోసం వేసిన లెక్క కాదు. ఒక ఉపగ్రహాన్ని నాలుగు భాషలకి పంచితే వచ్చిన భాగాహారం. బ్రిటన్ కావాలని గీసిన గీతని ఇక్కడ పేదరికం గీసింది. ఆ లేమిని చూసి మురిసిపోవాలని నాకేం లేదు. కానీ గీత తెరకి అవతలి వైపున ఉండేది, ఇంట్లో కాదు.

తర్వాత అది ఇంట్లోకి వచ్చేసింది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 1999లో రెండేళ్ళ లోపు వాళ్ళకి టీవీ వద్దంది. 2016లో దాన్ని సవరించి, రెండు నుంచి అయిదేళ్ళ వాళ్ళకి రోజుకి గంట అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాదాపు అదే చెప్పింది. సలహాలు మంచివే. అయితే అవన్నీ తల్లిదండ్రుల పేరున రాసిన ఉత్తరాలు. అదే కాలంలో తెర వైపు జరిగిందేమిటంటే, 2015లో యూట్యూబ్ ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యేలా మార్చింది. మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. సెట్టింగు ఎలా పెట్టి ఇస్తే ఎక్కువమంది అలాగే వదిలేస్తారు. కాబట్టి ‘ఆపుకునే వీలుంది కదా’ అనే జవాబు మా మధ్య చెల్లదు. 2021లో యూట్యూబే పదమూడు నుంచి పదిహేడేళ్ళ వాళ్ళకి దాన్ని ముందుగానే ఆపి ఇవ్వడం మొదలెట్టింది. అంటే చెయ్యలేక కాదన్నమాట.

అదే ఏడాది చైనా పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి ఆన్‌లైన్ ఆటలు శుక్ర, శని, ఆదివారాలూ సెలవు రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకానే అంది. పసివాడెవడో తేల్చడానికి ప్రతివాడి గుర్తింపూ అడిగే ఆ పద్ధతి నాకు భయం. బీబీసీ గంటలో ఆ బెడద లేదు. ఎవరు చూస్తున్నారో ఎవరికీ తెలియదు, తెర మాత్రం అందరికీ ఖాళీ.

మా ఇంట్లో ప్రస్తుతానికి నడుస్తున్నది సైట్ పద్ధతి. పాత టాబ్లెట్‌లో వైఫై తీసేసి, రోజుకి రెండు కథలు ఎక్కించి పెడతాం. మా అయిదేళ్ళ అమ్మాయి రెండోది కాగానే “నాన్నా, అయిపోయింది” అని తెచ్చి ఇచ్చేస్తుంది. ఆదివారం మాత్రం వాళ్ళ అమ్మమ్మ వస్తుంది, ఆవిడ ఫోన్‌తో సహా.