చక్రపు ఎత్తు: అందమా, అదుపా?

నల్లగొండలో గాని, మహబూబునగరములో గాని కార్లకు చక్రములు మార్చు దుకాణము ముందర సాయంకాలము కొంతసేపు నిలుచున్నచో ఒక వాదము తప్పక చెవిని పడును. కుమారుడు కారుతో వచ్చిన 15 అంగుళముల చక్రములు తీయించి, 17 అంగుళముల మిశ్రలోహపు చక్రములు వేయింపవలె ననును. తండ్రి, "ఉన్నయి మంచిగనే ఉన్నయి గద, పైసలు ఎందుకు పారబోస్తవు?" అని అడ్డుపడును. దుకాణదారుడు ఏ పక్షమును వహింపక, కొత్త చక్రమును గుడ్డతో తుడుచుచు, "లుక్కే మారిపోతది సార్" అని మాత్రము పలుకును.

ఈ వాదము నేడు పుట్టినది కాదు. మోటారు ఈ సీమలో అడుగిడుటకు చాల పూర్వమే, వడ్రంగి కొట్టము ముందరి వేపచెట్టు క్రింద ఇదే ప్రశ్న ఎన్నియో మారులు చర్చకు వచ్చినది. చక్రమెంత ఎత్తుండవలెను? చూచువారి కన్నులకొరకా, తోలువాని చేతులకొరకా? దక్షిణ తెలంగాణములో ఈ ప్రశ్నకు వడ్రంగులు చెప్పిన సమాధానమును, దానిని మోటారు ఎట్లు తారుమారు చేసినదో దానిని పాఠకులకు విన్నవింప బూనితిమి.

మన పల్లెలలో చక్రమును గీర యందురు. గీరకు నడుమ కుంభము, కుంభము నుండి నలుదిక్కులకు ఆకులు, ఆకుల కొనలను కలుపుచు వంపు తిరిగిన పూటీలు, వానిపై ఇనుప పట్టా. ఆకులనగా చెట్టు ఆకులు కావు, నిలువు కఱ్ఱలు. ఈ పేరు ఎవరు పెట్టిరో గాని, చక్రమును పువ్వుగా చూచిన కన్ను వారిది. కఱ్ఱ సాధారణముగా తుమ్మ. ఎండకు పగులక, నీటికి ఉబ్బక, గట్టిగా నుండు కఱ్ఱ యది. పచ్చి కఱ్ఱను పనికి దించిన వడ్రంగిని ఊరు క్షమింపదు. మొద్దులను ఎండనిచ్చి, కొందరు చెరువు నీట నానవేసి మరల ఎండించి, అటుపిమ్మట గాని బాడిస చేత పట్టరు.

పట్టా తొడుగుట పల్లెలో ఒక ఉత్సవము వంటిది. వడ్రంగి పని అచ్చటితో ముగిసి కమ్మరి పని ఆరంభమగును. ఇనుప పట్టాను గీర చుట్టుకొలతకంటె కొంచెము తక్కువగా కమ్మరి కొలిచి చుట్టును. నేలపై పిడకలు గుండ్రముగా పేర్చి, వాని నడుమ పట్టాను పడవేసి నిప్పంటించును. అది ఎఱ్ఱబడి సాగిన క్షణమున నలుగురు పట్టకార్లతో ఎత్తి గీరపై దింపి సుత్తెలతో సరిచేయుదురు. పూటీలు కాలి పొగ లేచును. వెంటనే కుండలతో నీళ్లు కుమ్మరింతురు. ఇనుము బిగిసి ముడుచుకొనుటతో ఆకులన్నియు కుంభములోనికి కిఱ్ఱుమని దిగబడును. మేకు లేదు, జిగురు లేదు. కొలత వెంట్రుకవాసి తప్పినచో పట్టా వదులగును, లేదా పూటీ పగులును. ఇంజనీరింగు కళాశాలలో చెప్పు ఉష్ణవ్యాకోచము మన కమ్మరికి ముంజేతి పని.

ఇట్టి గీర ఎత్తు సుమారు 5 అడుగులు. నిలుచున్న మనిషి మెడవరకు వచ్చును. ఇంత యెత్తు ఎందుకు? ఈ రెండు జిల్లాల నేలను చూచినవారికి సమాధానము చెప్పనక్కరలేదు. గుట్టల నుండి దొర్లిన రాళ్లతో నిండిన చల్క నేలలు, నడుమనడుమ వానకు జిగటయగు నల్లరేగడి, మైలు మైలునకు ఒక వాగు. చక్రము చిన్నదైనచో ప్రతి రాయియు గోడ యగును. లెక్క వేసి చూతము. 3 అంగుళముల ఎత్తుగల రాయికి 5 అడుగుల చక్రము తగిలినదనుకొందము. ఇరుసు ఎత్తున నేలకు సమముగా లాగినచో, చక్రముపైనున్న బరువులో రమారమి సగము బలము చాలును. అదే రాయి రెండున్నర అడుగుల చక్రమునకు తగిలినచో బరువులో ముప్పాతిక బలము కావలెను. ఈ తేడా అంతయు ఎద్దు మెడపై పడును. వడ్రంగికి ఈ లెక్క రాదు. కాని ఎద్దు మెడపై కాయ ఎక్కడ లేచునో, ఎందుకు లేచునో అతనికి తెలియును.

అట్లయిన 6 అడుగులు, 7 అడుగులు ఏల చేయరాదు? ఇచ్చటనే అదుపు అనునది ప్రవేశించుచున్నది. గీర ఎత్తయిన కొలది ఇరుసు లేచును, ఇరుసుతో బరువు లేచును. రెండు గీరల నడిమి ఎడము నాలుగున్నర అడుగులనుకొందము. బరువు నడిబిందువు 4 అడుగుల ఎత్తున నున్నచో, దారి ఒక ప్రక్కకు 29 డిగ్రీలవరకు వాలినను బండి నిలుచును. 5 అడుగుల ఎత్తునకు చేరినచో 24 డిగ్రీలకే బోర్లపడును. కాడి సంగతి మరియొకటి. ఎద్దు మెడ ఎత్తునకు ఇరుసు ఎత్తు పొసగవలెను. ఇరుసు మరీ పైకి పోయినచో నొగలు ముందుకు వాలి బరువు మెడపై కూర్చుండును. మరీ క్రిందనున్నచో ఎగువ దారిలో బండి వెనుకకు వాలి, కాడి లేచి, మెడ తాళ్లు గొంతు నొక్కును. ఐదడుగులు అనునది ఎవరో వ్రాసిపెట్టిన కొలత కాదు. తరతరముల ఎద్దులు, తోలువారు, బోర్లపడిన బండ్లు కలిసి నిర్ణయించిన కొలత.

ఇది సరకు బండి మాట. అందము కోరిన బండి వేరొకటి యుండెను. దాని పేరు కచ్చురము. ధనికుల ఇండ్ల స్త్రీలకును, ఊరూరు తిరుగు దొరలకును అదియే నాటి విలాసవాహనము. పైన వంపు గూడు, లోపల మెత్తని పఱుపు, ప్రక్కల తెరలు, ఎద్దుల మెడలలో గంటలు, కొమ్ములకు ఇత్తడి తొడుగులు. సన్నని ఆకుల తేలికైన గీరలపై పరుగెత్తు ఎద్దులను కట్టి జాతరకు పోవుచున్నచో ఊరంతయు నిలిచి చూచెడిది. నేటి పరుగుకారుకు మన సీమలో తాత యెవరని అడిగినచో కచ్చురమే యని చెప్పవలెను.

ఆ కాలపు కథ నొకదానిని మా పెద్దలు చెప్పుచుండిరి. ఊరి పేరు వలదు. ఒక దొరకు తన కచ్చురము తక్కిన బండ్ల కంటె ఎత్తుగా కనబడవలెనని కోరిక కలిగెను. గీరలు అర అడుగు పెంచుమని వడ్రంగిని ఆజ్ఞాపించెను. వాగు గట్టున నిలువదని వడ్రంగి చేతులు జోడించి చెప్పెను. చెప్పినందుకు తిట్లు తిని, చేసి యిచ్చెను. వానలు తగ్గిన పిమ్మట పెండ్లి తరలి పోవుచు వాగు దిగునప్పుడు బండి ప్రక్కకు ఒరిగెను. లోపలివారు పఱుపులపై పడి బ్రతికిరి. నొగలపై కూర్చున్న జీతగాని కాలు గీర క్రింద పడెను. అతడు తుదివరకు కుంటుచునే నడచెను. తప్పు వడ్రంగిదని తేల్చిరి.

తప్పు వడ్రంగిది ఎట్లయ్యెనో తెలియవలెనన్న ఆనాటి వెట్టిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. నిజాము రాజ్యమున వడ్రంగి, కమ్మరి మొదలగు వృత్తులవారు దొరలకును అధికారులకును కూలి లేకయే పని చేయవలసి యుండెను. అధికారి పర్యటనకు వచ్చినచో రైతుల బండ్లు, ఎద్దులు పట్టుకొనిపోబడుచుండెను. కూలి పుచ్చుకొనని పనివానికి కాదను హక్కు ఎక్కడిది? 1921 లో ఏర్పడిన ఆంధ్రజన సంఘమును, 1930 లో జోగిపేటలో ఆరంభమైన ఆంధ్రమహాసభయు ఈ వెట్టిని రూపుమాపవలెనని కోరినవి. రెండవ మహాసభ 1931 లో నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన జరిగెను. 1936 లో పాలమూరు జిల్లా షాదునగరమున మరియొక సభ జరిగెను. ఆ సభలకు ప్రతినిధులలో పలువురు బండ్లమీదనే వచ్చియుందురు. చక్రపు ఎత్తును నిర్ణయించుటలో చేసినవాని మాట చెల్లవలెనా, ఎక్కినవాని మాట చెల్లవలెనా యను ప్రశ్న, చూడబోయిన, ఆ సభల ప్రశ్నలో నొక ముక్క.

ఇక మోటారు సంగతి. పాలమూరునకు 1890 లో మహబూబునగరమను పేరు ఏ ప్రభువు మూలమున వచ్చినదో, ఆ ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానే 1911 లో ఇంగ్లండునుండి రోల్సు రాయిస్ సిల్వరు ఘోస్టు కారును తెప్పింప నేర్పాటు చేసెను. పసుపుపచ్చని దేహము, లోపల సింహాసనము వంటి ఎత్తైన ఆసనము. ఆ సంవత్సరము ఆగస్టులోనే ప్రభువు గతించుటచే దాని నెక్కు భాగ్యము ఆయనకు లేకపోయెను. ఊరేగింపులకే గాని పరుగునకు నోచుకొనని ఆ కారు నేడు హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున చూడవచ్చును. ఊరేగింపు బండికి అందమే ప్రయోజనము. దానిని తప్పుపట్ట నవసరము లేదు.

అదే కాలమున అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908 మొదలు 1927 వరకు చేసిన మాడల్ టి కారు దీనికి నేర్ విరుద్ధము. దాని చక్రములు 30 అంగుళములు. అలంకారమునకు కాదు, బురద దారులలో, రాళ్లపై పల్లెరైతు నడుపుకొనుటకు. డిట్రాయిటు ఇంజనీరును మన వడ్రంగియు ఒకరినొకరు ఎరుగకయే ఒకే తీర్పు చెప్పిరి: దారి చెడ్డదైన చక్రము పెద్దది కావలెను. 1932 లో నిజాము రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. స్కాట్లండు నుండి వచ్చిన ఆల్బియను బస్సులవి. బస్సు నడువవలెనన్న గట్టి రోడ్డు కావలెను. రోడ్డు గట్టిపడిన కొలది చక్రము చిన్నదగుట ఆరంభమయ్యెను. 1959 లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారు చక్రము 10 అంగుళములే. మన అంబాసిడరుది 15, 1983 లో వచ్చిన మారుతి 800 ది 12.

ఎద్దుల బండి సహితము మారెను. ఇనుప పట్టా సన్నని అంచు తారు రోడ్డును కత్తివలె కోయుచుండుటచే రబ్బరు టైరు బండ్లు వచ్చినవి. పాత మోటారు ఇరుసులు, అరిగిన టైర్లు వానికి చాలినవి. టైరు బండి గీర కఱ్ఱ గీరలో సగముండును; అయినను మంచి దారిలో ఎద్దునకు సులువే, ఏలయన ఇరుసులో గుండ్లు తిరుగును, రబ్బరు రాయిని మ్రింగును. పొలములో ముల్లు గ్రుచ్చుకొన్నచో మాత్రము కథ మారును. ఏ తుమ్మ కఱ్ఱతో గీర చేసిరో ఆ తుమ్మ ముల్లే టైరుపై పగ తీర్చుకొనును. పిమ్మట ట్రాక్టరు వచ్చుటతో ఆ వాదము కూడ ముగిసెను. బండి వడ్రంగుల పిల్లలు తలుపులు, మంచములు చేయుటకు పట్టణములు చేరిరి. బాడిస పని నేర్చిన చేతులు నేడు ఎన్ని మిగిలినవో వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

ఇప్పుడు దుకాణము కడకు మరలుదము. కుమారుడు కోరు 17 అంగుళముల చక్రమునకును కచ్చురపు గీరకును ఒక ముఖ్యమైన భేదము కలదు. బండిలో చక్రము పెరిగినచో మొత్తము ఎత్తు పెరిగెడిది. కారులో పెరుగునది నడిమి లోహము మాత్రమే. బయటి కొలత మారరాదు గనుక ఆ మేరకు రబ్బరు గోడ పలుచనగును. మారినచో వేగమును చూపు ముల్లు అబద్ధ మాడును. పలుచని గోడ మలుపులో తక్కువ వంగును, అందుచే చుక్కాని తిప్పిన వెంటనే కారు మాట వినును. కుమారుని వాదములో ఈ పాటి నిజము కలదు. కాని పెద్ద లోహచక్రము సాధారణముగా బరువెక్కువ. ఆ బరువు స్ప్రింగుల క్రింద నుండుటచే గుంతలో ఎగిరిన చక్రము నేలను మరల తాకుటకు ఆలస్యమగును. తాకని చక్రము పట్టదు. వేగమందుకొనుటకును, ఆగుటకును ఇంజను, బ్రేకులు ఎక్కువ శ్రమపడును. గుంత అంచు తగిలినచో దెబ్బ మ్రింగుటకు రబ్బరు లేదు. లోహము వంగును, పగులును.

పందెపు కార్లవారికి ఈ సంగతి తెలియనిది కాదు. మిక్కిలి వేగమైన ఫార్ములా వన్ కార్లు 2021 వరకు 13 అంగుళముల చక్రములతోనే పరుగెత్తినవి. 2022 లో 18 అంగుళములకు మారినవి; నేటి వీథికార్ల టైర్లను పోలియుండుట అందులకు చెప్పిన కారణములలో నొకటి. అనగా అచ్చట సైతము అందమును వ్యాపారమును చేయి కలిపినవి. 2023 ఫిబ్రవరి 11 న హైదరాబాదు హుస్సేను సాగరు గట్టున జరిగిన విద్యుత్తు కార్ల పందెములో పాల్గొన్న వాహనములకు సహితము 18 అంగుళముల చక్రములే. కాని అవి పందెమునకై సిద్ధపరచిన దారిపై పరుగెత్తినవి. దేవరకొండ నుండి అచ్చంపేటకు వానకాలపు రాత్రి పోవువానికి ఆ దారి దొరకదు.

కుమారుడు అడిగినచో మేమిట్లు చెప్పుదుము. ఒక అంగుళము పెంచుకొనుము, బయటి కొలత మారకుండ చూచుకొనుము, చక్రమును కొనుటకు ముందు చేత పట్టి ఎత్తి చూడుము. పాత దానికంటె బరువైనచో వదలివేయుము. తండ్రికి కూడ ఒక మాట: అందము కోరుట తప్పు కాదు, మీ తాతయు ఎద్దు కొమ్ములకు ఇత్తడి తొడిగించిన వాడే.

విజయవాడ రహదారిలో చౌటుప్పలు దాటిన పిమ్మట, టీ త్రాగుటకు మేమొక హోటలు ముందర ఆగితిమి. వాకిట రెండు ప్రక్కల రెండు పాత గీరలను గోడకు ఆనించి ఎఱ్ఱరంగు పూసి యుంచిరి. పిల్లలు వానిపై చేతులు వేసి బొమ్మలు తీసుకొనుచుండిరి. ఒక గీరకు పట్టా వదులై, ఒక పూటీ జారియున్నది. ఏ ఊరివని అడుగగా, పాత సామానుల వానియొద్ద తూకానికి కొన్నామని హోటలు యజమాని చెప్పెను.