ఆరుబయట విందులో కుక్కకు చోటు

ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ 1880–81లో గీసిన ‘లంచన్ ఆఫ్ ది బోటింగ్ పార్టీ’ చిత్రాన్ని ఒకసారి నిదానంగా చూడండి. పారిస్‌కు పడమట, సెన్ నది ఒడ్డున షాటూలో ఉన్న మేజోఁ ఫూర్నేజ్ అనే రెస్టారెంటు బాల్కనీ అది. చారల గుడ్డ పందిరి కింద భోజనాలు ముగించిన జనం కబుర్లలో మునిగిపోయారు. ఎడమ వైపు పూల టోపీ పెట్టుకున్న అలీన్ షరిగో మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా చిన్న బొచ్చుకుక్కను పట్టుకుని ముద్దు చేస్తోంది. కుక్క ఉన్నది బల్ల అంచునే. ఆ బల్ల మీదే సీసాలు, గ్లాసులు, పళ్ళు. ఎవరూ మొహం చిట్లించుకోలేదు. అలీన్ ఆ తర్వాత 1890లో రెన్వార్‌ను పెళ్ళాడింది.

కుక్కతో కలిసి ఫ్రెంచి రెస్టారెంటుకు వెళ్ళడం ఈ కాలపు షోకు అనుకునేవారికి ఈ బొమ్మే జవాబు.

దీని వెనుక పారిస్ వీధుల కథ ఉంది. 1853 నుంచి 1870 దాకా సెన్ జిల్లా ప్రిఫెక్టుగా ఉన్న ఓస్మాన్, ఇరుకు సందులు కొట్టించి విశాలమైన బులివార్లు వేయించాడు. వాటి వెంట వెడల్పాటి కాలిబాటలు వచ్చాయి. కాఫీ హోటళ్ళవాళ్ళు బల్లలు, కుర్చీలు బయటికి జరిపారు. సగం వీధి, సగం హోటలు అయిన ఆ జాగాలోనే కుక్కకు చోటు దొరికింది. యజమానితో షికారుకొచ్చిన కుక్కను అక్కడ కాదనడానికి గడపే లేదు.

అప్పటికే నగరంలో కుక్కల పెంపకం ఎంత పెరిగిందంటే, 1855లో ఫ్రాన్సు వాటి మీద పన్ను వేసింది. సరదాకు పెంచే కుక్కకు ఎక్కువ, కాపలా కుక్కకు తక్కువ. పిచ్చికుక్క కాటు భయం మాత్రం అందరినీ వెంటాడేది. 1885లో పాశ్చర్ టీకా వచ్చాక ఆ కాటుకు విరుగుడు దొరికింది.

ఇరవయ్యో శతాబ్దపు మిషెలిన్ రెస్టారెంటు గైడులో కుక్క బొమ్మను కొట్టేసిన గుర్తు ఒకటి ఉండేది: ఇక్కడికి కుక్కలను తేవద్దని. కాదన్న చోటికే గుర్తు వేశారంటే, తేవడం ఎంత మామూలో ఆలోచించండి. 2004 నాటి ఐరోపా ఆహార శుభ్రత నియమం కూడా పెంపుడు జంతువులను వంట చేసే, సరుకు నిల్వ చేసే చోట్లకు రానివ్వొద్దనే అంటుంది. ఫ్రాన్సులో భోజనాల గది సంగతి రెస్టారెంటు యజమాని ఇష్టం. నా దృష్టిలో ఇదే సరైన పద్ధతి: గీత గీయాల్సింది వంటింటి గుమ్మం దగ్గర.

అమెరికా ఈ పద్ధతికి చట్టం ద్వారా చేరింది. ఫ్లోరిడా 2006లో దారి తెరిచింది. కాలిఫోర్నియాలో 2015 జనవరి 1 నుంచి ఆరుబయట బల్లల దగ్గరికి కుక్కలను అనుమతిస్తున్నారు. అయితే లోపలి నుంచి కాకుండా బయటి దారినే తీసుకెళ్ళాలి. తాడు కట్టి గానీ, మోసుకెళ్ళే పెట్టెలో గానీ ఉంచాలి.

కాలిఫోర్నియాలో కుక్కను పెంచుకుంటున్న తెలుగువారికి ఒక మాట. దాన్ని కుర్చీ ఎక్కించకండి. నీళ్ళైనా తిండైనా వాడి పారేసే గిన్నెలోనే పెట్టాలని అక్కడి చట్టం. బయల్దేరేముందు ఫోన్ చేసి అడగండి. వద్దనే హక్కు రెస్టారెంటు యజమానికి ఉంది.